మూత తియ్యకు, జోనీ

హోల్ట్‌బీ, మిన్నెసోటా
1977 అక్టోబరు 9, ఆదివారం

అక్కా,

నువ్వు పంపిన పెట్టె మంగళవారం వచ్చింది. చుట్టిన పాత పేపర్లు విప్పి కార్లా ముందు వాటిని చదివింది, ఆ తర్వాతే లోపలున్న స్లో కుక్కర్, కరెంటు మీద రోజంతా నెమ్మదిగా ఉడికించే ఆ కుండ, చూసింది. పదకొండేళ్ళకే దానికి అక్షరం కనిపిస్తే ఆగదు. ఏడేళ్ళ జోనీ మాత్రం గాజు మూత నెత్తిన పెట్టుకుని ఇల్లంతా తిరిగింది.

బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకి, పాల లారీ తీసే ముందు, దాన్ని మొదలుపెట్టాను. మంచి మాంసమే కొన్నాను, కొవ్వన్నది మచ్చుకైనా లేని ముక్క. చిన్నచిన్నగా కోశాను. అడుగంటుతుందేమోనని అంచుదాకా నీళ్ళు పోశాను. సాయంత్రం ఆరింటికి వచ్చి చూస్తే మాంసం తాడు పేలికలైంది, బంగాళాదుంపలు కరిగి జావయ్యాయి, మొత్తం గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంది. ముగ్గురం ముఖముఖాలు చూసుకుని డబ్బా సూపు తెరిచాం. జూన్‌లో మార్లిస్ పోయినప్పటి నుంచి మా వంటింట్లో డబ్బాలు తెరవడం తప్ప వేరే వంట లేదు.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు. నిన్న మాంకేటో నుంచి ఆల్వినా అత్తయ్య ఫోన్ చేశారు. క్రిస్మస్ సెలవుల తర్వాత పిల్లలిద్దరినీ తన దగ్గర ఉంచుకుని అక్కడి బడిలో వేస్తానంటున్నారు. "నువ్వు చెడ్డవాడివని కాదు ఆర్విడ్. తెల్లారకుండా పోతావు, చీకటి పడ్డాక వస్తావు. ఆడపిల్లలు ఖాళీ ఇంటికొచ్చి డబ్బా సూపు తాగుతున్నారు. మార్లిస్ ఉంటే ఒప్పుకునేదా?" అన్నారు.

రెండో డ్రైవరు మానేశాక రెండు దారుల్లో పాలు నేనే పోగుచెయ్యాల్సి వస్తోంది. కొత్తవాడు వసంతంలోగానీ రాడు. అత్తయ్యకి ఔననలేదు, కాదనలేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముందో నువ్వే చెప్పు.

నీ ఆర్విడ్


డులూత్
అక్టోబరు 14

ఒరేయ్ ఆర్విడ్,

కొవ్వు లేని ముక్క ఎవరు కొనమన్నారు నిన్ను? అది పెనం మీద ఐదు నిమిషాలు వేయించుకునే మాంసం. ఈ కుండకి కావలసింది భుజం దగ్గరి మాంసం, నరాలూ కొవ్వూ ఉన్నది. అదైతే ఎంత ఉడికితే అంత మెత్తబడుతుంది. కొయ్యకుండా పెద్ద ముక్కగానే పడెయ్. నీళ్ళు ఒక కప్పు చాలు. ఆవిరి ఎక్కడికీ పోదు, ఉల్లిపాయా మాంసమూ వాటి నీళ్ళు అవే వదులుతాయి. కుండ సగానికి పైన నిండాలి, ముప్పాతిక దాటకూడదు.

ఇంకోటి. నాలుగున్నరకి పెట్టి ఆరింటికి తీస్తే పదమూడున్నర గంటలు! దుంపలు జావ కాక ఏమవుతాయి? కోసినవన్నీ ఫ్రిజ్‌లో పెట్టి నీ దారిన నువ్వు పో. ఏడుంబావుకి బస్సెక్కే ముందు కార్లా వాటిని కుండలో వేసి, మీట తక్కువ మీదకి తిప్పుతుంది. ఆ మాత్రం దానికి వచ్చు.

నేను ఆసుపత్రి లాండ్రీలో పొద్దున ఆరు నుంచి దుప్పట్లతో కుస్తీ పడి ఇంటికొచ్చేసరికి మోకాళ్ళు పట్టేస్తాయి. తలుపు తీయగానే కూర వాసన వస్తే సగం నొప్పి అక్కడే పోతుంది. మూడేళ్ళుగా ఈ కుండే నాకు తోడు. మీ బావ లియో పనిచేసే ఓడ ఇంకా సరస్సు మీదే ఉంది, నీళ్ళు గడ్డకట్టేదాకా ఆయన ఇల్లు చూడడు.

మీ అత్తగారు చెడ్డమనిషి కాదు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి. అయినా పిల్లలు ఎక్కడ ఉండాలన్నది సూపు డబ్బాలు చూసి తేల్చే సంగతి కాదురా. తొందరపడి మాటివ్వకు.

వెర్నా


హోల్ట్‌బీ
అక్టోబరు 30

అక్కా,

భుజం మాంసం అన్నావు కదా, బెర్నీస్ ఎంచి మరీ ఇచ్చింది. నాకోసం మంచి ముక్కలు పక్కన పెడుతోంది. ఎలా కోయాలో కూడా చేయి పట్టుకుని నేర్పింది. మాంసం ఇప్పుడు గరిటె తగిలితే విడిపోతోంది. నీళ్ళ సంగతీ కుదిరింది.

కానీ దుంపలు రాళ్ళలా ఉంటున్నాయి. రెండు వారాలు తల బద్దలు కొట్టుకుంటే నిన్న కార్లా గుట్టు విప్పింది. జోనీ బడి నుంచి రాగానే మూత తీసి చూస్తోందట. ఒక్కసారి కాదు. మూడున్నర నుంచి ఆరు దాకా ఎనిమిదిసార్లు, కార్లా లెక్కపెట్టింది. నేను కోప్పడ్డాను. మూతకి టేపు అంటించాను. అది మూతి ముడుచుకుని కుండ పక్కనే నేల మీద కూర్చుంది.

"ఎందుకే చూడ్డం? అది ఎక్కడికీ పోదు కదా!" అన్నాను.

"ఆగిపోయిందేమోనని చూస్తున్నా నాన్నా. చప్పుడు చెయ్యట్లేదు," అంది.

మార్లిస్ పోయిన రోజు ఉదయం ఆమెని మొదట చూసింది జోనీయే. అమ్మ చప్పుడు చెయ్యట్లేదు అని నన్ను లేపింది. టేపు పీకేశాను.

పిల్లలిద్దరూ ఒక కూర అడుగుతున్నారు, వాళ్ళమ్మ చలికాలంలో చేసే చిక్కటి మాంసం కూర. నేను వందసార్లు తిన్నాను, ఎలా చేసేదో ఒక్కసారీ చూడలేదు. ఆమె వంటల పుస్తకంలోనూ రాసి లేదు.

నీ తమ్ముడు
ఆర్విడ్


డులూత్
నవంబరు 5

ఆర్విడ్‌కి,

ఈ బెర్నీస్ ఎవరు? ముక్కలు దాచిపెట్టడమేమిటి, చేయి పట్టుకుని నేర్పడమేమిటి? మార్లిస్ పోయి ఐదు నెలలు కూడా కాలేదు. నువ్వు ఒంటరివాడివే, కాదనను. కానీ ఇప్పుడు ఆ ఇంట్లో కొత్త మనిషి వాసన తగిలితే మీ అత్తగారు పిల్లల్ని ఆ సాయంత్రమే బస్సెక్కిస్తుంది. అక్కని కాబట్టి చెప్తున్నాను, ఇంకెవరూ చెప్పరు.

ఇక వంట. మూత తీసిన ప్రతిసారీ లోపలి వేడంతా పోతుంది, మళ్ళీ కూడుకోవడానికి దాదాపు అరగంట. జోనీకి టేపు పనికిరాదు, పని కావాలి. మూత తీసే హక్కు రోజుకి ఒక్కసారి, ఐదున్నరకి, అది దానికే ఇయ్యి. గుప్పెడు బఠాణీలు వేసి మూత పెట్టేయమను. మిగతా సమయంలో మూత మీద చెయ్యి పెట్టి చూడమను, వెచ్చగా ఉంటే నడుస్తున్నట్టే. దుంపలూ క్యారట్లూ అడుగున, మాంసం పైన. గట్టివి ఆలస్యంగా ఉడుకుతాయి, అవే వేడికి దగ్గరుండాలి. పాలూ వెన్నా ఏవైనా ఉంటే చివరి అరగంటలోనే. పచ్చిమాంసం గడ్డకట్టింది గడ్డకట్టినట్టు వెయ్యొద్దు, ముందురోజే కిందికి దింపి కరగనివ్వు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందని తెలిస్తే ఆ కూర ముట్టుకోవద్దు, ఎంత వేడిగా ఉన్నా సరే, మధ్యలో చల్లారి చెడిపోయి ఉంటుంది.

కార్లాకి ఇదంతా చదివి వినిపించు. నీకంటే దానికే బాగా గుర్తుంటుంది.

చిక్కటి కూర సంగతి నాకు వదిలెయ్. కన్నతల్లికి తెలియకుండా ఉంటుందా? ఆల్వినాకి నేనే రాసి కనుక్కుంటాను.

బెర్నీస్ సంగతి తప్పకుండా రాయి.

మీ అక్క


హోల్ట్‌బీ
నవంబరు 12

అక్కా,

బెర్నీస్‌కి అరవై ఎనిమిదేళ్ళు. మా ఊరి కొట్లో ముప్పై ఏళ్ళుగా మాంసం కోస్తోంది. ఆమె చేతులు నా తొడలంత ఉంటాయి, నన్ను 'పిల్లోడా' అంటుంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే కత్తి పక్కన పెట్టి మరీ నవ్వింది. "మీ అక్కకి చెప్పు, నాకు ఇద్దరు మొగుళ్ళయ్యారు, మూడోవాడికి ఓపిక లేదు," అంది.

ఆదివారాలు చర్చి నుంచి రాగానే ముగ్గురం బల్ల దగ్గర కూర్చుని వారానికి సరిపడా ఉల్లిపాయలూ క్యారట్లూ కోస్తున్నాం. కార్లా ఏ రోజు ఏమిటో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తోంది. జోనీ ఐదున్నర కోసం గడియారం ముందు కాపలా కూర్చుంటోంది. దాని చేతి బఠాణీలు ఒక్కో రోజు గుప్పెడు, ఒక్కో రోజు గంప. ఒక్క తప్పు జరిగింది: దుంపల సూపులో పాలు పొద్దున్నే పోసేశాను, నీ ఉత్తరం అందడానికి ముందురోజు. విరిగి గడ్డలైంది. ఎదురింటి కుక్కకి పెడితే వాసన చూసి నా వంక చూసి వెళ్ళిపోయింది.

ఒక్కటి మాత్రం, ఆల్వినా అత్తయ్యకి దయచేసి రాయొద్దు. ఆవిడ మనసు ఇప్పుడు ఎలా ఉందో తెలియదు, నువ్వు ఒకటి రాస్తే ఆవిడకి మరొకటి అర్థమవుతుంది.

ఆర్విడ్


డులూత్
నవంబరు 17

ఆర్విడ్,

ఆ ఉత్తరం వెళ్ళిపోయిందిరా. నీకు రాసిన రోజే ఆమెకీ రాసి పోస్టు డబ్బాలో వేశాను. నాలుగు వాక్యాలే. కూర సంగతి తప్ప ఇంకేం లేదు, కంగారుపడకు.

బెర్నీస్‌కి నా నమస్కారాలు. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నానని చెప్పు.

వెర్నా


హోల్ట్‌బీ
నవంబరు 27

వెర్నాకి,

గురువారం థాంక్స్‌గివింగ్ పండగకి అత్తయ్య వచ్చారు. బాగానే మొదలైంది. కార్లా తను రాసిన వారం పట్టీ చూపించింది, జోనీ బఠాణీల గురించి చెప్పింది. నేను మాట ఎత్తేలోపే ఆవిడ సంచిలోంచి నీ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టారు.

"నేను చెబితే నీకు ముసలిదాని చాదస్తం. మీ సొంత అక్క ఏమందో చదువు. పిల్లలు సగం కడుపుతో లేస్తున్నారట," అన్నారు.

నీ చేతిరాతే. చదివాను. పిల్లల ముందే చదివాను.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా లారీలో కూర్చుని, ఆ ఇల్లు సరిగ్గా నడుస్తోందా అని ఒక్క క్షణం కూడా మానకుండా ఆలోచించేవాణ్ణి నేను. నువ్వు ఒక్కదానివి నా వైపున్నావనుకున్నాను. నా ముందొక మాట, వెనకొక మాట అని తెలియలేదు.

సరే. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరూ పిల్లల మేలు కోరేవాళ్ళే, ఒకే మాట అంటున్నారంటే నాకే కళ్ళు కనబడటం లేదన్నమాట. క్రిస్మస్ తర్వాత పంపుతానని అత్తయ్యతో చెప్పేశాను. కుండ కడిగి అటక మీద పెట్టాను.

ఆర్విడ్ హాగన్


డులూత్
డిసెంబరు 2

తమ్ముడూ,

ఇంటిపేరుతో సంతకం పెట్టావు. కరెంటు బిల్లు వాళ్ళకి రాసినట్టు. నాకు తగిన శాస్తే.

ఆమెకి రాసిన మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. 'ఆర్విడ్ వంట పిల్లలకి ఇంకా పడటం లేదు, సగం కడుపుతో లేస్తున్నారు. వాళ్ళమ్మ చేసే చిక్కటి కూర అడుగుతున్నారట. అది ఎలా చేసేదో మీకు తెలిసే ఉంటుంది. రాసి పంపితే వాడికి పంపుతాను.' అంతే. సగం కడుపు అన్నది నా కల్పన. నువ్వు ఎక్కడా అలా రాయలేదు. ఆమెకి జాలి కలిగి వెంటనే జవాబిస్తుందని అతికించాను. కూర కోసం నిన్ను అమ్మేశాను. ఇంతకంటే బాగా చెప్పుకోలేను.

కానీ ఒక సంగతి నీకు తెలియదు, ఇప్పుడు చెప్తాను. అమ్మ పోయినప్పుడు నీకు ఐదేళ్ళు, నాకు పదహారు. నాన్న రైలు పట్టాల పని మీద వారంలో నాలుగు రోజులు ఊళ్ళో ఉండేవాడు కాదు. ఫార్గో నుంచి బాబాయి కారేసుకుని వచ్చాడు, నిన్ను తీసుకుపోయి పెంచుతానని. మంచివాడే, పెద్ద ఇల్లు, పిన్నికి వంటా బాగా వచ్చు. నీ బట్టలు కూడా మూట కట్టేశారు. నాన్న నన్ను వరండాలోకి పిలిచి, "నువ్వు చెయ్యగలవా అమ్మా?" అని అడిగాడు.

"చెయ్యలేను. అయినా వాణ్ణి పంపను," అన్నాను.

ఆ తర్వాత ఏడాది పాటు నువ్వు మాడిన జావ తిన్నావు. అడుగంటినదీ, పొంగిపోయినదీ, ఉప్పు రెండుసార్లు పడినదీ. సణిగావు, ఏడ్చావు, ఒకసారి గిన్నె విసిరావు. కానీ రాత్రి నా పక్కనే పడుకున్నావు. ఈ రోజుకీ ఆ మూట విప్పినందుకు నేను బాధపడలేదు.

నువ్వు పంపాలనుకుంటే పంపు. అది నీ నిర్ణయం. కానీ నా అబద్ధం మాట ఒకటి చూసి మాత్రం పంపకు.

నీ అక్క, ఎప్పటికీ


హోల్ట్‌బీ
డిసెంబరు 11, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికే విప్పి ఉంది. కార్లా బల్ల దగ్గర కూర్చుని ఉంది, ముందు నీ ఉత్తరం, పక్కన అటక మీంచి దింపిన కుండ. నేను ఏమీ అనకముందే, "నాన్నా, నీ మూట అత్త విప్పింది. మా మూట ఎవరు విప్పుతారు?" అంది. కుండ తీసి పొయ్యి పక్కన దాని చోట్లో పెట్టాను. సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. అత్తయ్యతో ఏం చెప్పాలో మాత్రం నాకు తెలియలేదు.

గురువారం పొద్దున వాన కురిసి కురిసినట్టే గడ్డకట్టింది. తీగలు తెగాయి. నేను లారీలో ఉన్నాను, ఊళ్ళో కరెంటు పోయిందనీ మళ్ళీ వచ్చిందనీ నాకు తెలియదు. అదే రోజు మధ్యాహ్నం బస్సులో అత్తయ్య వచ్చారు, బడి మార్పు కాగితాల మీద నా సంతకం కోసం. మూడున్నరకి పిల్లలు వచ్చారు. తర్వాతదంతా నాకు ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. కలిపి రాస్తున్నాను.

కార్లా కోటు విప్పుతూ కరెంటు మీద నడిచే వంటింటి గడియారం చూసిందట. పన్నెండూ నలభై చూపిస్తోంది.

"అమ్మమ్మా, ఇవాళ ఈ కూర తినకూడదు."

"ఏం? ముట్టుకుని చూడు, చెయ్యి కాలుతోంది."

"మధ్యలో మూడు గంటలు కరెంటు లేదు. చల్లారిపోయి మళ్ళీ వేడెక్కింది."

"నువ్వు చూశావా?"

"గడియారం చూసింది. దానికి మూడు గంటలు తక్కువ."

"ఇంత మంచి మాంసం పారేస్తావా? నా ఇంట్లో ఎవరూ ఇలాంటి పని చెయ్యలేదు!"

"వెర్నా అత్త రాసింది."

"మీ వెర్నా అత్త ఉత్తరాలు నాకూ వచ్చాయిలే!"

కార్లా కుండ ఎత్తుకుని గ్యారేజీలోకి వెళ్ళి, మొత్తం సంచిలో కుమ్మరించి మూతి బిగించింది. తిరిగొచ్చి చేతులు కడుక్కుంది.

నేను ఆరింటికి తలుపు తీసేసరికి కూర వాసన లేదు. అత్తయ్య కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నారు, ఒళ్ళో సంచి. కార్లా పొయ్యి దగ్గర గుడ్లు వేయిస్తోంది, జోనీ రొట్టె కాలుస్తోంది. నన్ను చూడగానే అత్తయ్య అందుకున్నారు.

"నీ కూతురు నన్ను విషం పెట్టేదాన్ని చూసినట్టు చూసింది ఆర్విడ్. కూర మొత్తం పారేసింది. ఇంక ఈ ఇంట్లో ఏం తింటారు వీళ్ళు?"

నేను కార్లాని చూశాను. అది సొరుగులోంచి నీ నవంబరు ఉత్తరం తీసి ఆ వాక్యం మీద వేలు పెట్టింది. గడియారం చూశాను. చేతి గడియారం చూసుకున్నాను.

"కార్లా చేసింది సరైన పనే అత్తయ్యా. నేను ఉన్నా అదే చేసేవాణ్ణి. నిజానికి నేనైతే గడియారం గమనించేవాణ్ణి కాదేమో."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జోనీ ఒక పళ్ళెం తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. "కోటు విప్పు అమ్మమ్మా, గుడ్డు చల్లారిపోతుంది," అంది. ఆవిడ కోటు విప్పారు. తిన్నారు. సగంలో ఆగి, "బాగా వేయించావు," అన్నారు కార్లాతో.

గిన్నెలు నేను కడుగుతుంటే ఆవిడ తుడుస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడారు. "ఆ కూర నాకు తెలియదు ఆర్విడ్. మీ అక్క అడిగింది చూడు, ఆ చిక్కటి కూర. నేను ఎప్పుడూ తినలేదు. పన్నెండేళ్ళు నా కూతురు ఈ పొయ్యి మీద ఏం వండిందో నాకు తెలియదు. పండగలకి నా ఇంటికే రమ్మనేదాన్ని, నేనే వండేదాన్ని. తెలియదని రాయడానికి సిగ్గేసింది. అందుకే ఆ ఉత్తరంలో నాకు పనికొచ్చే ముక్క ఒక్కటే చూసుకున్నాను."

నేను కుళాయి కట్టేశాను.

"మాంకేటోలో రేడియో పెట్టుకుని తింటాను," అన్నారు. "ఒక్కోసారి వంటింట్లో నిలబడే తినేస్తాను. కుర్చీ లాగడం ఎందుకని."

అప్పుడు చెప్పాను. పిల్లలు ఇక్కడే ఉంటారని. పంపుతానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాననీ, అది ఆవిడ మీద కోపంతో కాదనీ. కాగితాలు సంతకం లేకుండానే మడిచి ఇచ్చాను. ఆవిడ తుడిచిన పళ్ళెమే మళ్ళీ మళ్ళీ తుడిచారు. చివరికి, "మరి నేను ఎప్పుడు చూడను వీళ్ళని?" అన్నారు. గురువారం గురువారం బస్సు ఉంది కదా అన్నాను. జవాబు చెప్పలేదు. పొద్దున వెళ్ళిపోయారు.

నా కోపానికి క్షమించు. నీ జావ నాకు గుర్తుంది అక్కా. మాడినట్టు మాత్రం గుర్తులేదు.

నీ ఆర్విడ్


డులూత్
డిసెంబరు 17

ఆర్వీ,

లాండ్రీ వెనక మెట్ల మీద కూర్చుని నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా పైఅధికారి ఎవరు పోయారని అడిగాడు. ఎవరూ పోలేదు, గుడ్లు బాగా వేగాయట అని చెప్పాను.

ఆమె జవాబు చెప్పకపోతే చెప్పకపోనీ. తొందరపెట్టకు. ఇంత కాలం 'రండి' అన్న మనిషికి 'వస్తాను' అనడం కష్టం. నేను మాత్రం ఇకమీదట నీకు తప్ప ఎవరికీ ఉత్తరం రాయను, ఒట్టు.

కూర సంగతి. పుస్తకాల్లో వెతక్కు, పిల్లల్నే అడుగు. రంగెలా ఉండేది, పుల్లగా ఉండేదా, తియ్యగా ఉండేదా, ముక్కున ఏ వాసన తగిలేది. మాంసం ముక్కకి పిండి పూసి ముందు పెనం మీద నాలుగు వైపులా ఎర్రగా కాల్చి అప్పుడు కుండలో పెట్టు. రంగూ చిక్కదనమూ అక్కడే వస్తాయి. పొద్దున పదినిమిషాలు ఎక్కువ పడుతుంది, కార్లాకి వద్దు, సెలవు రోజున నువ్వే చెయ్.

మీ బావ ఇంటికొచ్చాడు. ఎనిమిది నెలలు ఓడలో ఎవరో వండి పెడితే తిన్న మనిషి, మొదటి రోజే నా కుండ దగ్గరికెళ్ళి ఉప్పు తక్కువైందన్నాడు. గరిటె చేతికిచ్చాను.

వెర్నా


హోల్ట్‌బీ
1978 జనవరి 15, ఆదివారం

అక్కా, బావా, ఇద్దరికీ,

క్రిస్మస్‌కి పంపిన ఊలు టోపీలు వచ్చాయి. జోనీ నిద్రలో కూడా తీయడం లేదు.

కూర రెండుసార్లు చేశాం. కార్లా అల్లం వాసన అంది, జోనీ కాఫీ వాసన అంది. రెండూ వేసి చూశాం. మొదటిసారి మందులా ఉంది. రెండోసారి చాలా బాగుంది, కానీ అది కాదు. నలుగురికీ తెలిసిపోయింది అది కాదని. నలుగురం అన్నాను చూశావా? ఐదో తేదీ గురువారం మధ్యాహ్నం బస్సులో అత్తయ్య దిగారు. ముందుగా ఫోన్ లేదు, ఏమీ లేదు. చేతిలో ఒక చిన్న పెట్టె, శనివారం దాకా ఉండటానికి బట్టలు. జోనీ కూర రుచి చూసి చాలాసేపు ఆలోచించి, "ఇది అమ్మది కాదు. ఇది గురువారంది. ఇదీ బాగుంది," అంది. అత్తయ్య ముక్కు చీదుకుని ఇంకో గరిటె వడ్డించుకున్నారు. ఇప్పుడు పట్టీ మీద దాని పేరే గురువారం కూర. జులైలో పిల్లలు ఒక నెల మాంకేటో వెళ్తారు. అదీ పట్టీ మీద రాసుంది, కార్లా చేతిరాతతో.

మొన్న గురువారం జరిగింది చెప్పి ముగిస్తాను. మధ్యాహ్నం నుంచి మంచుగాలి. నాకు పాలు పోసే బక్కే వాళ్ళ పొలం దగ్గర లారీ చక్రాలు కూరుకుపోయాయి. ట్రాక్టరుతో లాగినా రాలేదు, మంచు తోసే బండి వచ్చేదాకా ఆగాల్సిందే. ఐదైంది, ఐదున్నరైంది. పదే పదే చేతి గడియారం చూసుకున్నాను. ఇల్లు, పిల్లలు, అందరూ తలుపు వంక చూస్తూ కూర్చుని ఉంటారు, నేను వెళ్ళేదాకా ఎవరూ చెంచా ఎత్తరు. జూన్ నుంచి నేను అరగంట ఆలస్యమైతే చాలు, ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఉండేవాళ్ళు.

ఆరుంబావుకి బక్కే వాళ్ళింట్లో ఫోన్ దొరికింది. కార్లా ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు, జోనీ ఏదో పాట.

"నాన్నా, ఎక్కడున్నావ్?"

"మంచులో ఇరుక్కున్నానే. ఎనిమిదవుతుందేమో. మీరు కంగారు పడకండి."

"పడట్లేదు. మేం తినేశాం."

"తినేశారా?"

"ఆరైంది కదా నాన్నా. అమ్మమ్మ నీది ఓవెన్‌లో పెట్టింది. జోనీ లెక్కల్లో ఉంది, ఉండు, గుణకారం తప్పు చేస్తోంది. పెట్టేస్తున్నా!"

పెట్టేసింది. నేను ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. బక్కే భార్య చూసి, పిల్లలు ఎదురు చూస్తుంటారేమో, నడిచైనా పోతారా, మా ఆయన్ని తోడు పంపనా అంది.

"అక్కర్లేదండీ, వాళ్ళు భోంచేశారు," అన్నాను.

కాఫీ పోసింది. కోటు విప్పి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండో కప్పు కూడా తాగాను.

ప్రేమతో
ఆర్విడ్